షుగర్ అదుపులో ఉంటే సరిపోతుందా?

చెన్నై పెరంబూరులో మా వీధి తెలుగిళ్లకి జాకెట్లు కుట్టేది నేనే. ఎవరి ఆది జాకెట్టు వాళ్లు తెచ్చిస్తారు, కొలతలు నా పుస్తకంలో ఉంటాయి. మామూలుగా వయసు పెరిగేకొద్దీ పక్క కుట్లు విప్పి వదులు చేయమంటారు. అందుకే లోపల గుడ్డ కాస్త ఎక్కువ వదిలి కుడతాం. ఈ మధ్య డెబ్భై దాటినవాళ్లు, అందులోనూ షుగర్ ఉన్నవాళ్లు, "బిగించి పెట్టమ్మా" అంటూ వస్తున్నారు. నాకు అది భయంగా ఉంది.

మా వెనక వీధి మామ్మగారి ఆది జాకెట్టులో చేతి లూజు 12 ఇంచులు. దసరాకి కొత్త జాకెట్టు కోసం కొలిస్తే 10.5. భుజం దగ్గర ఎముక చేతికి తగులుతోంది. "ఇంత తగ్గిపోయారేంటి మామ్మగారూ?" అంటే, "షుగర్ బాగా కంట్రోల్లో ఉందే అమ్మాయ్, మా అబ్బాయి రోజూ చూసి రాసి పెడతాడు" అన్నారు సంతోషంగా.

ఏం తింటున్నారని అడిగాను. పొద్దున రెండు చెంచాల రాగిపిండితో పల్చటి జావ. మధ్యాహ్నం చిన్న గిన్నెడు అన్నం, చారు, ఆఖర్న మజ్జిగ. రాత్రి రెండు ఇడ్లీలు. పప్పు తింటే గ్యాస్ అని మానేశారు. పాలతో షుగర్ పెరుగుతుందని ఎవరో అంటే అవీ పోయాయి. కట్టుడు పళ్లు వదులై కూరలు నమలలేకపోతున్నారు. గుడ్డు తినే ఇల్లే, కానీ వారాలూ పూజలూ తీసేస్తే తినే రోజు దొరకదు. ఇంట్లోవాళ్లది ప్రేమే. అన్నం తగ్గించమంటే తగ్గించారు. తగ్గించినదాని బదులు ఏం పెట్టాలో వాళ్లకి ఎవరూ చెప్పలేదు.

నా దగ్గర కుట్టించుకునే నర్సమ్మ ఒకావిడ లెక్క చెప్పింది. పెద్దవయసులో కిలో బరువుకి 1 నుంచి 1.2 గ్రాముల ప్రొటీన్ కావాలట. 50 కిలోల మనిషికి రోజుకి 50 నుంచి 60 గ్రాములు. మామ్మగారి తిండి ఇద్దరం కూర్చుని కూడితే 20 కూడా దాటలేదు. గుడ్డులో 6 గ్రాములు, గ్లాసు పాలలో దాదాపు అంతే. సరిగ్గా అవే మానేశారు.

ప్రొటీన్ చాలకపోతే కండ కరుగుతుంది. తిన్న అన్నంలోంచి వచ్చే గ్లూకోజులో పెద్ద వాటా వాడుకునేది ఆ కండే. కాబట్టి కండ పోతే షుగర్‌కీ మంచిది కాదు. కాళ్లలో పట్టు తప్పి బాత్రూములో పడటం ఒకటి. మాత్రల సంగతి ఇంకొకటి. తిండి సగమైనా డోసు పాతదే ఉంటే, ముఖ్యంగా గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకి, లో షుగర్ రావచ్చు. చెమటలు, వణుకు, తికమక. పెద్దవాళ్లలో దాన్ని వయసు మీద పడిందిలే అని వదిలేస్తారు. మెట్‌ఫార్మిన్ అనే ఇంకో షుగర్ మాత్రతో కొందరికి ఆకలి మందగిస్తుంది, ఏళ్ల తరబడి వాడితే బి12 విటమిన్ తగ్గొచ్చు. బాగా నీరసించిన వృద్ధులకి హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) 8 లోపు ఉన్నా చాలని డాక్టర్లే సడలిస్తారు. ఇళ్లలో మాత్రం అందరికీ ఒకే అంకె ఉండాలని టెన్షన్.

నర్సమ్మ చెప్పినవాటిలో నా మనసులో నిలిచిపోయింది పిక్క కొలత. వృద్ధుల పోషణ చూడటానికి ఆరు ప్రశ్నల పరీక్ష ఒకటుంది: తిండి తగ్గిందా, మూడు నెలల్లో బరువు తగ్గారా, లేచి తిరుగుతున్నారా, ఈ మధ్య జబ్బు చేసిందా, మతిమరుపో దిగులో ఉందా, ఎత్తుకి తగ్గ బరువుందా. ఎత్తూ బరువూ చూడటం కుదరనివాళ్లకి పిక్క బాగా లావుగా ఉన్నచోట టేపు చుట్టి చూస్తారు. 31 సెంటీమీటర్లకి తక్కువైతే అనుమానించాలి. నా టేపుకి రెండోవైపు సెంటీమీటర్లే ఉంటాయి. మామ్మగారిని స్టూలు మీద కూర్చోబెట్టి, పాదం నేలకి ఆనించి కొలిచాను. 28. కాళ్లకి నీరు పట్టినవాళ్ల విషయంలో ఈ కొలతని నమ్మకూడదు, ఉన్నదానికంటే లావు చూపిస్తుంది.

ఆ అంకె వాళ్లబ్బాయికి చెప్పాను. కొంచెం నొచ్చుకున్నారు, అయినా ఆ వారమే అమ్మని డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. డాక్టరు మాత్ర డోసు తగ్గించారు. కారణం తెలియకుండా బరువు తగ్గితే థైరాయిడ్, టీబీ కూడా చూడాలని పరీక్షలు రాశారు. ఇప్పుడు పొద్దున జావ బదులు మెత్తటి పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, గడ్డపెరుగు, పడుకునే ముందు చక్కెర లేని పాలు. పళ్ల సెట్టు కూడా సరిచేయించారు.

మీ ఇంట్లో పెద్దవాళ్లు ఇలా చిక్కిపోతుంటే ఆలస్యం చేయకండి. గిండీలో కింగ్ ఇన్‌స్టిట్యూట్ ఆవరణలో వృద్ధుల కోసమే ప్రభుత్వ ఆసుపత్రి 2024లో మొదలైంది. ఏ డాక్టరు దగ్గరికి వెళ్లినా షుగర్ అంకెలతో పాటు బరువూ, ఆ వారంలో తిన్నవీ రాసి పట్టుకెళ్లండి. కిడ్నీ సమస్య ఉన్నవాళ్లు మాత్రం ప్రొటీన్ ఎంత తినాలో డాక్టరునే అడగాలి, సొంతంగా పెంచొద్దు.