నీకొదేముకి రక్షణ తేదీ లేదు

మా ఒంగోలు సైడ్ సాక్ష్యాల కూడిక అంటే ఒక ప్రశ్న ఖాయం, "బ్రదర్, మీ రక్షణ తేదీ ఎప్పుడు?" అని, అంటే యేసుని నమ్మి లోపల మారిన రోజు. కొంతమంది టకటకా చెప్పేస్తారు, ఫలానా సంవత్సరం, ఫలానా నెల, ఉజ్జీవ సభల్లో మూడో రోజు రాత్రి అని టైంతో సహా. నేనేమో ప్రతిసారీ బాప్తిస్మం తేదీ చెప్పి తప్పించుకునేవాణ్ణి, ఎందుకంటే కాలవలో మునిగి లేచిన రోజు గుర్తుంది గానీ లోపల ఎప్పుడు మారానో నిజంగా నాకు తెలీదు. క్రైస్తవ కుటుంబాల్లో పుట్టిన చాలామందికి ఈ ఇబ్బంది ఉంటుంది, పైకి చెప్పరంతే.

ఈమధ్య యోహాను సువార్త మళ్ళీ మొదట్నుంచి చదువుతుంటే ఒకటి తట్టింది. "ఒకడు క్రొత్తగా జన్మించితేనే కాని అతడు దేవుని రాజ్యమును చూడలేడు" అన్న మాట యేసయ్య ఎవరితో అన్నాడు? నీకొదేముతో. మరి ఆ నీకొదేము ఎప్పుడు క్రొత్తగా పుట్టాడు? యోహాను రాయలేదు. సువార్తంతా వెతికినా దొరకదు.

మూడో అధ్యాయం అందరికీ తెలిసిందే కానీ ఒకసారి నెమ్మదిగా చూడండి. ఆయన పరిసయ్యుడు, అంటే ధర్మశాస్త్రాన్ని గట్టిగా పాటించే వర్గం మనిషి, యూదుల అధికారి, వాళ్ళ పెద్దల న్యాయసభ అయిన మహాసభ మనిషి. రాత్రిపూట వచ్చాడు. ఎందుకు రాత్రి అంటే భయం అని మన ప్రసంగాల్లో చెప్పేస్తారు, బహుశా నిజమే, కానీ పగలు జనం మధ్య తీరిగ్గా మాట్లాడే వీలు ఉండదు అని కూడా అయ్యుండొచ్చు కదా. ఏదైనా గానీ వచ్చాడు. వచ్చి మర్యాదగా మొదలుపెట్టాడు, మీరు దేవుని దగ్గర్నుంచి వచ్చిన బోధకులు అని మాకు తెలుసు అంటూ. యేసయ్య ఆ మర్యాదలు ఏమీ పట్టించుకోకుండా ఒకేసారి పుట్టుక దగ్గరికి తీసుకెళ్ళాడు.

అక్కడ గ్రీకులో వాడిన మాట ఆనోథెన్. దానికి "మళ్ళీ" అనే అర్థం ఉంది, "పైనుంచి" అనే అర్థమూ ఉంది. యేసయ్య పైనుంచి పుట్టడం గురించి చెప్తుంటే ఈయన "మళ్ళీ" అన్నదాన్నే పట్టుకుని, ముసలాడు తిరిగి తల్లి కడుపులోకి ఎలా వెళ్తాడండీ అని అడిగాడు. తెలుగులో ఆ రెండర్థాలు ఒక్క మాటలో ఇమడవు కాబట్టి మనకి ఆయన ప్రశ్న కాస్త అమాయకంగా వినిపిస్తుంది, చిన్నప్పుడు సండే స్కూల్లో మేం నవ్వేవాళ్ళం కూడా. ఇప్పుడు నవ్వు రావట్లేదు. వయసు మీద పడ్డాక, పేరు, హోదా, జనం దండాలు అన్నీ ఒక పద్ధతిలో స్థిరపడ్డాక, మళ్ళీ మొదట్నుంచి అంటే ఎవరికైనా గుండెలో రాయి పడుతుంది.

నీళ్ళు, ఆత్మ అని యేసయ్య చెప్పింది ఆయనకి కొత్త సంగతి కాకూడదు నిజానికి. యెహెజ్కేలు 36లో దేవుడు శుద్ధజలం చల్లుతానని, "రాతిగుండె మీలోనుండి తీసివేసి మాంసపు గుండెను మీకిచ్చెదను" అని, నా ఆత్మని మీలో ఉంచుతానని ముందే అన్నాడు. అందుకే యేసయ్య "నీవు ఇశ్రాయేలుకు బోధకుడవైయుండి వీటిని ఎరుగవా?" అని అడిగాడు. పుస్తకం మొత్తం తెలిసిన మనిషికి ఆ పుస్తకం తన గురించే అని తెలీలేదన్నమాట. వాక్యాలు కంఠస్థం పోటీల్లో ప్రైజులు కొట్టిన నాలాంటివాళ్ళకి ఇది బాగా తగులుతుంది.

ఇక ఆ రాత్రి నీకొదేము నోట వచ్చిన ఆఖరి మాట, ఇవి ఎలా సాధ్యం అని. అంతే. తర్వాత యేసయ్య మాట్లాడాడు, అరణ్యంలో మోషే సర్పాన్ని ఎత్తినట్టు మనుష్యకుమారుడు ఎత్తబడాలి అన్నాడు, నీకొదేము ఏమన్నాడో లేదు. చెయ్యి ఎత్తాడా, ఏడ్చాడా, మోకాళ్ళేశాడా ఏమీ లేదు. ఎప్పుడు లేచి ఇంటికెళ్ళాడో కూడా లేదు.

తేదీలకి నేను వ్యతిరేకం అనుకోకండి. మా జిల్లాలో చెప్పుకునే పెద్ద తేదీ ఒకటి ఉంది, 1878 జులై 3. ఆ ఒక్కరోజే గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అమెరికన్ బాప్టిస్టు మిషన్ జాన్ క్లౌ దొరగారి కాలం. దానికి ముందు 1876 నుంచి ఘోరమైన కరువు, జనానికి పని దొరకాలని ఆయన బకింగ్‌హామ్ కాలవ తవ్వకంలో కొంత భాగం కాంట్రాక్టు తీసుకుని కూలీ ఇప్పించారు, కానీ కరువు నడుస్తున్నంతకాలం బాప్తిస్మాలు మాత్రం ఆపేశారు. అన్నం కోసం వచ్చారు అన్న మాట రాకూడదని. నాకు ఆ 2,222 కంటే ఈ ఆపడమే ఎక్కువ నచ్చుతుంది, ఎందుకంటే అడిగిన వెంటనే ముంచేస్తే లెక్క ముందే పెరిగేది. ఆగితే మనిషి ఎందుకొచ్చాడో తేలుతుంది.

తేలడం అంటే మా మామయ్య గుర్తొస్తాడు. ఆయన జీవితంలో ఒక్కసారి కూడా సాక్ష్యం చెప్పలేదు, మైక్ ఇస్తే "పాట పాడండి అయ్యగారూ" అని వెనక్కి ఇచ్చేసేవాడు. ఆయనకి రెండెకరాలు ఉండేది, పక్క పొలం వాళ్ళకీ ఈయనకీ మధ్య గట్టు. ప్రతి ఏడూ దున్నేటప్పుడు నాగలి కాస్త కాస్త అటు పెట్టి పెట్టి, కొన్నేళ్ళకి మూరెడు పైన ఇటు కలిసిపోయింది, ఇది పల్లెల్లో తెలియని సంగతేం కాదు. ఒక ఏడాది శనగ వేసే ముందు ఈయన ఒక్కడే పార పట్టుకుని పొద్దున్నే వెళ్ళి గట్టు పాత చోటికి జరిపేశాడు. ఎవరూ అడగలేదు, పంచాయితీ లేదు, సర్వేయర్ రాలేదు. పక్క పొలం ఆయన వచ్చి చూసి, ఇందులో ఏదో మోసం ఉంది అని ముందు గొడవకే దిగాడంట! అత్తయ్య ఇప్పటికీ నవ్వుకుంటూ చెప్తది. ఎందుకు జరిపావు అని అడిగితే "అది మనది కాదు గదా" అన్నాడంట, అంతకుమించి ఒక్క ముక్క లేదు.

"పాతవి గతించెను, ఇదిగో క్రొత్త వాయెను" అన్న వాక్యం ఆటోల వెనక, కేలండర్ల మీద చూసీ చూసీ మనకి అలవాటైపోయింది గానీ, ఆ మాట నాకు అర్థమైంది ఆ గట్టు దగ్గరే. మళ్ళీ ఒకటి చెప్పాలి, గట్టు జరిపాడు కాబట్టి దేవుడు ఒప్పుకున్నాడు అని కాదు నేననేది, అలా అయితే మంచిపనులు లెక్కపెట్టుకుంటూ కూర్చోవాలి. గాలి ఎక్కడ్నుంచి వస్తుందో తెలీదు, ఆత్మ మూలంగా పుట్టినవాడూ అంతే అని యేసయ్య నీకొదేముకి చెప్పాడు కదా. గాలి కనపడదు, ఆకు కదలడం కనపడుద్ది. మామయ్యలో గాలి ఏ రోజు వీచిందో మాకెవరికీ తెలీదు.

నీకొదేము దగ్గరికి వస్తే, ఏడో అధ్యాయంలో ఆయన మళ్ళీ కనిపిస్తాడు. యేసుని పట్టుకురమ్మని పంపిన బంట్రోతులు ఖాళీ చేతులతో వచ్చారు, పెద్దలంతా మండిపడుతున్నారు, అప్పుడు ఈయన లేచి ఒక మనిషి మాట వినకుండా, ఏం చేశాడో తెలుసుకోకుండా మన ధర్మశాస్త్రం తీర్పు తీరుస్తుందా అన్నాడు. చాలా జాగ్రత్తగా, రూల్ మాట్లాడినట్టు మాట్లాడాడు, నేను ఆయన శిష్యుణ్ణి అని మాత్రం అనలేదు. అయినా సరే "నీవును గలిలయుడవా?" అని ఎత్తిపొడిచారు. ఇది మార్పా అంటే పూర్తిగా కాదు. కానీ రాత్రి వచ్చిన మనిషి పగలు నలుగురిలో నోరు తెరిచాడు, ఆ పాటి ధైర్యం మన ఆఫీసుల్లో మనకెంతుందో ఎవరికి వాళ్ళు చూసుకోవచ్చు.

పంతొమ్మిదో అధ్యాయం అయితే నన్ను ఆపేసింది. సిలువ మీద యేసు చనిపోయాడు. ఎత్తబడాలి అని ఆ రాత్రి విన్న మాట ఇప్పుడు కళ్ళ ముందు ఉంది. శిష్యుల్లో ఎక్కువమంది పారిపోయారు. అప్పుడు అరిమతయియ ఊరి యోసేపు రోమా అధిపతి పిలాతు దగ్గరికెళ్ళి యేసు దేహం అడిగాడు, నీకొదేము శవానికి పెట్టే సుగంధ ద్రవ్యాలు, బోళం, అగరు కలిపింది తెచ్చాడు, మన తెలుగు బైబిల్లో "నూట ఏబది సేర్ల యెత్తు", గ్రీకులో వంద లీత్రలు, అంటే సుమారు 33 కేజీలు. అంతకుముందు బేతనియలో మరియ యేసయ్య పాదాలకి పూసిన అత్తరు ఒక్క లీత్ర, దానికే ఇంత ఖరీదైంది వృథా అని గొడవైంది. ముప్పైమూడు కేజీలు చీకట్లో దాచుకుని తెచ్చేది కాదు, మోసుకొస్తుంటే వీధంతా చూస్తుంది, వాసనే చెప్పేస్తుంది.

ఇంకోటి ఉంది, దీన్ని చాలాకాలం గమనించలేదు నేను. అదే రోజు పొద్దున యూదుల పెద్దలు మైలపడితే పస్కా పండుగ భోజనం తినలేం అని పిలాతు అధికారమందిరం లోపలికి అడుగే పెట్టలేదు, యోహాను 18లో ఉంది. సాయంత్రానికి అదే మహాసభ మనిషి నీకొదేము శవాన్ని చేతులతో పట్టుకుని నారబట్టలు చుడుతున్నాడు. శవాన్ని ముట్టుకుంటే ఏడు రోజులు అపవిత్రం అని సంఖ్యాకాండం 19. జీవితమంతా శుద్ధి నియమాలు తూచ తప్పకుండా పాటించిన పరిసయ్యుడు, అందులోనూ పస్కా సాయంత్రం! ఇట్లా మైలపడ్డవాళ్ళు నెల తర్వాత పస్కా చేసుకోవచ్చని ధర్మశాస్త్రంలో వెసులుబాటు ఉందిలెండి, సంఖ్యా 9లో. కానీ ఆ రాత్రి ఆయన ఇంటికెళ్ళేసరికి ఇంట్లోవాళ్ళు గొర్రెపిల్లని కాల్చుకుని, పులియని రొట్టె పెట్టుకుని ఎదురుచూస్తూ ఉంటారు, పెద్దాయన గుమ్మం దగ్గరే ఆగిపోయి ఉంటాడు, చేతులకి బోళం వాసన. ఎక్కడికెళ్ళావు, ఏంటిది అని అడిగితే ఏం చెప్పాడో యోహాను రాయలేదు.