బావ ఆఫీసులో శనివారాలు: రెవిట్ ఎంతవరకు వచ్చింది

వారమంతా నా పని పైపింగ్ డ్రాయింగులు. శనివారం మధ్యాహ్నం మాత్రం విశాఖ ద్వారకానగర్‌లోని బావ ఆర్కిటెక్ట్ ఆఫీసుకి వెళ్లి కూర్చుంటున్నాను. జీతం లేదు, నాలుగింటికి పునుగులూ టీ వస్తాయి. ముగ్గురు పనిచేసే ఆ ఆఫీసుని గీతలతో ప్లాను గీసే ఆటోకాడ్ నుంచి, బిల్డింగుని త్రీడీ మోడల్‌గా కట్టే రెవిట్‌లోకి దింపడం నాకిప్పుడు సరదా. ఆరు వారాలైంది.

మొదటి వారం: మూడు కంప్యూటర్లలోనూ ఒకే ఏడాది వెర్షన్ వేశాం. కొత్త వెర్షన్‌లో సేవ్ చేసిన ఫైలు పాతదాంట్లో తెరుచుకోదు. 8 జీబీ ర్యామ్ ఉన్న రెండింటినీ 32కి పెంచాం. చేతిలో ఉన్న కొత్త పని మీదే మొదలుపెడదామన్నాడు బావ. నేను ఒప్పుకోలేదు. గడువు నెత్తి మీదుంటే ఎవరైనా పాత దారే పడతారు. మధురవాడలో ఎప్పుడో గృహప్రవేశం అయిపోయిన ఇల్లు తీసుకున్నాం. 36 బై 50 సైటు, అంటే 200 గజాలు, పైన ఒక అంతస్తు.

రెండో వారం: పాత ఆటోకాడ్ డ్రాయింగుని రెవిట్‌లో లింక్ చేస్తే 36 అడుగుల సైటు 43 సెంటీమీటర్లకి వచ్చింది. గీసింది అంగుళాల్లో, చదివింది మిల్లీమీటర్లలో. లింక్ చేసేటప్పుడే యూనిట్స్ దగ్గర ఇంచ్ పెడితే సరిపోతుంది. ఇంపోర్ట్ (ఫైలుని మోడల్లోనే కలిపేయడం) మాత్రం చేయకండి, పాత ఫైల్లో ఉన్న చెత్తంతా మోడల్లో చేరుతుంది.

మూడో వారం గోడలు. ఆఫీసులో సీనియర్ డ్రాఫ్ట్స్‌మన్‌ని అందరం పెద్దాయన అంటాం. ఆయనకి గోడంటే రెండు గీతలు. రెవిట్ ఆ గోడ ఎక్కణ్ణుంచి లేస్తుంది, ఎక్కడ ఆగుతుంది, లోపల ఏముంది అని అడుగుతుంది. "ఏటి బాబూ, ఒక్క గోడకి ఇన్ని ప్రశ్నలా?" అన్నారు. ఇటుక 230, బయట ప్లాస్టరింగు 20, లోపల 12, మొత్తం 262 మిల్లీమీటర్లు. లొకేషన్ లైన్‌ని ఇటుక బయటి అంచుకి, అంటే కోర్ ఫేస్ ఎక్స్‌టీరియర్‌కి పెట్టాకే కొలతలు ఆయన లెక్కతో కలిశాయి.

నాలుగో వారం మొత్తం మెట్ల కిందే పోయింది. అంతస్తు ఎత్తు 10 అడుగులు, మెట్టు ఆరంగుళాలు, పది పది చొప్పున రెండు వరసలు. మధ్య ల్యాండింగు ఐదడుగుల దగ్గర వస్తుంది. దాని కింద పాత ప్లానులో బాత్రూం ఉంది. ఆరంగుళాల స్లాబు తీసేస్తే లోపల ఎత్తు నాలుగున్నర అడుగులే! సెక్షన్ (ఇంటిని నిలువుగా కోసి చూపే డ్రాయింగు) ఎప్పుడూ అటువైపు కోయలేదు కాబట్టి కాగితం మీద ఎవరికీ కనిపించలేదు. తప్పు దొరికిందని నేను మురిసిపోతుంటే పెద్దాయన నవ్వారు. ప్లింతు రెండడుగులుంది కదా, సైటులో మేస్త్రీ బాత్రూం నేలని మూడు మెట్లు దించేశాడట. అలా ఆరడుగులు వచ్చింది. కానీ ఆ నేల బయటి మట్టానికి ఆరంగుళాలే పైన ఉండడంతో, డ్రైన్‌కి వాలు సరిపోక తర్వాత తిప్పలు పడ్డారట.

ఇదంతా ఏ డ్రాయింగులోనూ లేదు, ఆయన నోట్‌బుక్‌లో ఉంది. ఆ రోజు నుంచి బటన్లు నేర్పడం తగ్గించాను. ఆయన చెప్తుంటే నేను టెంప్లేట్‌లోకి, అంటే ప్రతి కొత్త పనీ మొదలయ్యే ఫైల్లోకి ఎక్కిస్తున్నాను: లింటెల్ 7 అడుగులు, డి అనే తలుపు మూడున్నర బై ఏడు, డి1 తలుపు మూడు బై ఏడు, బాత్రూం తలుపు రెండున్నర. సజ్జ లేకుండా కిటికీ పెట్టడానికి ఆయన ఒప్పుకోరు, కాబట్టి సజ్జతో కలిపే ఒక ఫ్యామిలీ (రెవిట్‌లో మళ్లీ మళ్లీ వాడుకునే భాగం) చేశాం.

ఐదో వారం: లాసన్స్ బే కాలనీలో ఒక సైటు వచ్చింది. మన తీరం ఈశాన్యం నుంచి నైరుతికి వాలుగా ఉంటుంది కాబట్టి, దాన్ని పట్టుకుని వేసిన రోడ్ల మీద సైట్లు దిక్కులకి సరిగ్గా పడవు. షీటు మీద ప్లాను నిలువుగా కనబడ్డానికి ప్రాజెక్ట్ నార్త్, వాస్తుకీ ఎండకీ ట్రూ నార్త్ (అసలు ఉత్తరం) విడిగా పెట్టాం. సన్ పాత్ (రెవిట్ చూపే సూర్యుడి దారి) తిప్పి చూస్తే మే రెండో వారం నుంచి జులై ఆఖరుదాకా మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఉత్తరం వైపుకి జరుగుతున్నాడు. మనం సుమారు 17.7 డిగ్రీల అక్షాంశం మీద ఉన్నాం మరి. ఉత్తరం కిటికీకి సజ్జ దండగ అని వాదించిన బావ ఇంకేమీ అనలేదు. పెద్దాయన కూడా ఏమీ అనకుండా పునుగుల ప్లేటు బావ వైపు జరిపారు.

ఆరో వారం: ముగ్గురూ ఒకే మోడల్లో పనిచేయడానికి సెంట్రల్ ఫైలు (అందరి పనీ చేరే ఒకే ఫైలు) పెట్టాం. భోజనానికి లేచేముందు, ఇంటికెళ్లేముందు సింక్, అంటే ఎవరి పని వాళ్లు అందులోకి పంపాలి. యూపీఎస్ లేని కంప్యూటర్ మీద సెంట్రల్ ఫైలు పెట్టి, కరెంటు పోయాక తెలుసుకున్నాను. గంటన్నర పని పోయింది, ఆ తప్పు నాదే. ప్లాన్ అప్రూవల్ డ్రాయింగులు మాత్రం ఇంకా ఆటోకాడ్‌లోనే చేస్తున్నారు, వాటి లేయర్ల గొడవ ఇప్పుడు కదిలించను.

వచ్చే శనివారానికి మిగిలినవి: మెట్ల రెయిలింగు, కాంపౌండ్ గేటు, పెద్దాయన నోట్‌బుక్‌లో ఇంకో పద్నాలుగు పేజీలు.