సెట్ దోసె, సెట్ అయిన సంబంధం: రెండూ ఒకే సెట్టా?

బెంగళూరు దర్శినుల్లో (నిలబడి తినే చిన్న హోటళ్లలో) సెట్ దోసె అంటే మామూలుగా మూడు దోసెలు, కొన్నిచోట్ల రెండు, పక్కన సాగు (కూరగాయల కుర్మా లాంటిది), చట్నీ. పిండిలో అటుకులు పడతాయి. పెనం మీద పలచగా లాగరు, మూతపెట్టి ఒకవైపే కాలుస్తారు. అందుకే పైన చిల్లులు, లోపల మెత్తదనం. ఈ సెట్టూ, "మా వాడికి సంబంధం సెట్ అయింది" అనే సెట్టూ ఇంగ్లిషులో ఒకేలా కనిపిస్తాయి కానీ పుట్టిళ్లు వేరు.

దోసె తాలూకు సెట్ లాటిన్ 'సెక్టా' నుంచి పాత ఫ్రెంచి మీదుగా వచ్చింది. దాని వెనక ఉన్నది 'అనుసరించు' అనే క్రియ. ఒక గురువు వెంట నడిచే గుంపు, మతశాఖ అన్నది మొదటి అర్థం. మనుషుల గుంపు కాస్తా తర్వాత వస్తువుల గుంపయింది: టీ సెట్, టీవీ సెట్. లెక్కల్లో సెట్‌ని మనం సమితి అంటాం. అదీ మొదట మనుషులు కూడడమే, ఐక్యరాజ్య సమితిలో ఇంకా ఆ అర్థమే ఉంది. ఎంసెట్‌లోని సెట్ మాత్రం ఈ వంశంలోదే కాదు, ఉత్త పొడి అక్షరాలు.

రెండోది క్రియ. పాత ఇంగ్లిషులో 'సెట్టన్', అంటే కూర్చోబెట్టడం. మన సదస్సులో ఉన్న 'సద్' ధాతువు దీనికి దూరపు చుట్టమే. సూర్యుడు సెట్ అవడమన్నా అప్పట్లో తన పీటకి చేరడమే. సినిమా సెట్ ఈ కొమ్మదే. కాలక్రమంలో రెండు కొమ్మలూ పెనవేసుకుపోయాయి. 1989 నాటి ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు రెండో కూర్పులో ఒక్క క్రియకే దాదాపు 430 అర్థాలిచ్చారు.

వాటిలో మనం తెచ్చుకున్నవి గుప్పెడు. మిగతాచోట్ల మన మాటలే సరిపోయాయి. పెరుగు తోడుకుంటుంది, నెయ్యి పేరుకుంటుంది, పొద్దు కుంకుతుంది. ఇంగ్లిషులో పెరుగూ పొద్దూ కూడా సెట్ అయ్యేవే, మనకి ఆ అవసరం రాలేదు. ఎముక విరిగితే చెన్నై నుంచీ బెంగళూరు నుంచీ కూడా నాటువైద్యపు పుత్తూరు కట్టుకి వెళ్లేవాళ్లున్నారు, కట్టు కట్టించుకున్నామంటారే తప్ప 'సెట్' చేయించుకున్నామనరు. సిమెంటుకి ముందునుంచీ మన మాట లేదు కాబట్టి అది సెట్ అవుతుంది.   

ఇక "నాకు సెట్ అవ్వదు". ఈ అర్థం ఇంగ్లిషు 'సెట్'ది కాదు. ఇది మన 'కుదురు'. సంబంధం కుదరడం, మాట కుదరడం, ఇద్దరికీ కుదరకపోవడం, ఇవన్నీ 'సెట్' కింద చేరిపోయాయి. కుండ దొర్లకుండా కింద పెట్టే చుట్టకుదురు చూసినవాళ్లకి ఇది వింతగా ఉండదు, అక్కడ కుండని కూర్చోబెట్టడమేగా! తనంతట తాను జరగడం, ఒకరు జరిపించడం, ఈ రెండూ ఇంగ్లిషు ఒకే మాటతో నడిపిస్తే మనం 'అవు', 'చేయు' తగిలించి విడదీసుకున్నాం. 'వేయు' తగిలిస్తే వెంటనే సినిమా సెట్.

చిక్కు ఆఫీసు మెయిళ్లలో వస్తుంది. "దిస్ టైమ్ డజ్ నాట్ సెట్ ఫర్ మీ" అని రాస్తే అవతలివాడికి అర్థం కాదు, అక్కడ 'సూట్' గానీ 'వర్క్' గానీ రావాలి. భూతకాలంలోనూ 'సెట్' మారదు, 'సెట్టెడ్' అనే రూపం లేదు. 'సెటప్' నామవాచకమైతే ఒకే మాట, క్రియ అయితే 'సెట్', 'అప్' విడివిడిగా రాయాలి. కాబట్టి నిన్న చేసిన పనికి "ఐ సెటప్‌డ్ ద సర్వర్" తప్పు, "ఐ సెట్ అప్ ద సర్వర్" ఒప్పు. అమెరికా క్లయింటు "ఆర్ యూ ఆల్ సెట్?" అంటే మామూలుగా పని అయిపోయిందా అని అడిగినట్టు కాదు. సిద్ధమేనా, ఇంకేమైనా కావాలా అని. మన "అంతా సెట్" అనుకుని 'యెస్' కొట్టేస్తే, కావలసిన లాగిన్లూ అనుమతులూ అడిగే అవకాశం అక్కడే పోతుంది.