బీ-29 తోక లేవడానికి పట్టిన 80 గ్రాములు

నిన్న రాత్రికి నిలబడింది. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ బాంబర్ బీ-29కి 1/72 (అసలులో 72వ వంతు) ప్లాస్టిక్ మోడల్, మూడు చక్రాల మీద, తోక కింద ఏ ఆసరా లేకుండా.

అతుకులు సానబట్టడం, నల్ల ప్రైమర్ మీద అల్యూమినియం రంగు పలచగా మూడు పూతలు వేయడం అందరూ చేసేదే. అసలు విమానం రెక్కలు 43 మీటర్లు, మోడల్‌కి దాదాపు 60 సెంటీమీటర్లు. కొనేముందే అల్మరా కొలుచుకోండి.

ఏడిపించింది తోకే. పెట్టెలోని కాగితం ముక్కులో బరువు పెట్టమంటుంది, ఎంతో ఎక్కడో చెప్పదు. దుకాణం పెద్దమనిషి 30 గ్రాములు చాలన్నాడు. నమ్మి బాడీ మూసేశాను. నలుగురి ముందు బల్ల మీద పెట్టగానే ముక్కు పైకి లేచింది, తోక టప్పున బల్లకి కొట్టుకుంది. అతుకు మళ్లీ కోయాల్సొచ్చింది. తెలీదని ఒక్క ముక్క చెప్పడానికి మనవాళ్లకి ఎందుకంత నామోషీనో!

ఈ విమానానికి ముక్కంతా అద్దాలే, అక్కడ సీసం పెడితే బయటికి కనబడుతుంది. వెనకేమో పొడుగాటి గొట్టం, దాని చివర ఎత్తయిన తోక. కాబట్టి మూయకముందే అన్నీ టేపుతో అంటించండి. తోక రెక్కలు, వెనక తుపాకులు కూడా మరవొద్దు. పెద్ద చక్రాలు వచ్చేచోట రెక్కల కింద గుండ్రటి పెన్సిల్ పెట్టి, ముక్కున చిన్న కప్పు వేలాడదీసి, ముందుకు ఒరిగేదాకా సీసం గుళ్లు వేయండి. నాకు చక్రాలకి 14 సెంటీమీటర్ల ముందు 50 గ్రాములు పట్టింది. కానీ కనబడకుండా చోటు దొరికింది 10 సెంటీమీటర్ల దగ్గరే, కాక్‌పిట్ గోడ వెనక. చక్రాలకి దగ్గరయ్యేకొద్దీ బరువు పెరగాలి కదా, 50×14ని 10తో భాగిస్తే 70. రంగుకీ జిగురుకీ ఇంకో 10.

గుళ్లని చెక్కపనికి వాడే తెల్ల జిగురుతో మాత్రం అంటించకండి. సీసం లోపల తెల్లగా పూసి ఉబ్బి, కొన్నాళ్లకి బాడీనే చీలుస్తుంది. ఎపాక్సీ వాడండి. ఇంత బరువుకి ప్లాస్టిక్ కాళ్లు వంగుతాయి, లోపల 0.8 మిల్లీమీటర్ల ఉక్కు తీగ దూర్చాలి.

ఇంజిన్ల చుట్టూ ఉండే కౌల్ ఫ్లాప్‌లు (వేడి గాలి బయటికి పోయే రేకు తలుపులు) తెరిచే అతికించండి. బీ-29కి ఉండే 18 సిలిండర్ల ఆర్-3350 ఇంజిన్‌లో వెనక వరసకి గాలి చాలక మాడిపోయేది, నేల మీద అవి మూస్తే అంతే సంగతులు. పైగా క్రాంక్‌కేస్ (ఇంజిన్ మధ్య పెట్టె) లోహంలో మెగ్నీషియం ఎక్కువ, అంటుకుంటే ఓ పట్టాన ఆరదు. 1943 ఫిబ్రవరి 18న సియాటిల్‌లో రెండో నమూనా విమానం ఇంజిన్ మంటలతోనే కూలి, టెస్ట్ పైలట్ ఎడ్డీ అలెన్‌తో సహా లోపలున్న 11 మందీ పోయారు. నేను వేసిన గుర్తులు 1944లో ఖరగ్‌పూర్ చుట్టుపక్కల దిగిన దళానివి. ఆ ఎండలో ఫ్లాప్‌లు మూసిన బీ-29 పెడితే తెలిసినవాడు నవ్వుతాడు.

చివరి పరీక్ష: ముక్కు చక్రం కింద కాగితం పెట్టి లాగండి. కాస్త పట్టి వదలాలి. ఊరికే జారొచ్చేస్తే ఇంకో 10 గ్రాములు.