పాండ్ ఎంతో అడిగి చేరండి

న్యూజిలాండ్ దక్షిణ కొసన సౌత్‌ల్యాండ్‌లో డెయిరీ పని ఎలా ఉంటుందని అడిగితే అందరూ చెప్పేవి ఒకటే: తెల్లవారుజామున 4 గంటలకు లేవడం, చలి, ముసురు, ఆవుల తన్నులు. అవన్నీ నిజమే. కొన్నాళ్లకు అలవాటైపోతాయి కూడా. ఎన్నేళ్లయినా అలవాటు కానిది నాకు ఒకటుంది, పేడనీళ్ల లెక్క.

ఆవులు ఏడాదిలో ఎక్కువ రోజులు పచ్చిక మీదే ఉంటాయి కాబట్టి అక్కడ వేసింది అక్కడే నేలలో కలుస్తుంది. పాలకు షెడ్డుకు తోలుకొచ్చినప్పుడు యార్డులో వేసిన పేడా, పోసిన ఉచ్చా, ఆ తర్వాత మేం పైపులతో కొట్టి కడిగిన నీళ్లూ కలిపి ఆవుకు రోజుకు సుమారు 50 లీటర్లని ఇక్కడ లెక్క కడతారు. 600 ఆవులుంటే 30,000 లీటర్లు. ఇసుకా రాళ్లూ దిగబడే తొట్టి దాటించి దీన్ని పాండ్‌లో, అంటే కట్ట పోసిన పెద్ద గుంటలో, నిలవ చేస్తాం. అక్కడి నుంచి పంపుతో పచ్చికకు తడి పెడతాం. నత్రజనీ పొటాషూ దండిగా ఉన్న నీళ్లివి. ప్రకాశం జిల్లాలో, ఎండాకాలం పొలానికి పెంట తోలడానికి బండ్ల కోసం జనం తగవు పడే ఊళ్లో పెరిగినవాణ్ని. ఇంత ఎరువు కాళ్ల దగ్గరికొస్తుంటే వీళ్లకు ఏడుపేమిటో మొదట్లో నాకు అర్థం కాలేదు.

చిక్కంతా నేలలో ఉంది. ఇక్కడ చాలాచోట్ల జిగట నేలలు, నీళ్లు తొందరగా ఇంకవు. అందుకని భూమిలో టైల్ డ్రైన్లు, అంటే నీళ్లు బయటికి లాగే పైపులు, పరిచారు. వాటికి పైన, మూరెడు లోతున, ట్రాక్టరుకు కట్టిన ఇనుప గుండును లాగించి మట్టిలోనే సన్నటి సొరంగాలు చేస్తారు. వాటిని మోల్ డ్రైన్లంటారు. వాననీళ్లు పగుళ్లలోంచి ఆ సొరంగాల్లోకి, అక్కడి నుంచి టైల్ పైపుల్లోకి, చివరికి కాలువలోకి పోతాయి. నేల నిండా నీళ్లు తాగి ఉన్న రోజున తడి పెడితే పేడనీళ్లు కూడా అదే దారి పడతాయి. పైన ఎక్కడా మడుగు కట్టదు, గడ్డి నిగనిగలాడుతూ ఉంటుంది. అందుకే తడి పెట్టిన రోజు ప్యాడక్‌లో (ఆవులు మేసే మడిలో) కంటే కాలువ గట్టు మీదే ఎక్కువసేపు ఉంటాను. వంగి టైల్ పైపు మూతి దగ్గర చూడాలి. మామూలుగా అక్కడ సన్నటి తేట ధార వస్తుంటుంది. అది కాస్త ఆకుపచ్చ తిరిగినా, కింద గుంటలో నురగ తేలినా పరుగెత్తి పంపు ఆపేయాల్సిందే.

తడి పెట్టే యంత్రం ట్రావెలింగ్ ఇరిగేటర్. రెండు రెక్కలు గిరగిరా తిరుగుతూ నీళ్లు చిమ్ముతాయి. ఆ తిరుగుడుకే ఇనుప తాడు చుట్టుకుంటూ, దూరంగా పాతిన గూటం వైపు యంత్రం తనను తాను లాక్కుంటూ వెళ్తుంది. వెనక బరువైన గొట్టం ఈడ్చుకుంటూ వస్తుంది. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది గానీ దీన్ని నమ్మకూడదు. తాడు తెగినా, గూటం ఊడినా యంత్రం ఆగిపోతుంది, పంపు మాత్రం ఆగదు. గంటల తరబడి ఒకేచోట కుమ్మరిస్తే ఎంత మంచి నేలైనా పొర్లిపోతుంది. ఇప్పుడు యంత్రం కదలకపోయినా, గొట్టంలో ఒత్తిడి పడిపోయినా పంపును తనంతట తనే ఆపేసే సెన్సర్లు వచ్చాయి. అవి లేని డెయిరీల్లో రాత్రిపూట టార్చి పట్టుకుని తిరగడమే సెన్సరు.

ఎంత తడి పడుతోందో కొలిచే పద్ధతి మాత్రం నాకు భలే నచ్చింది. యంత్రం వెళ్లే దారికి అడ్డంగా ఖాళీ ఐస్‌క్రీం డబ్బాలు వరసగా పెట్టి, అది దాటిపోయాక ఒక్కో డబ్బాలో ఎన్ని మిల్లీమీటర్లు పడ్డాయో స్కేలుతో చూడటమే. పాత యంత్రాలు మధ్యలో తక్కువ, అంచుల్లో ఎక్కువ పోస్తాయని ఆ డబ్బాలే చూపిస్తాయి. నేల ఇంకా 8 మిల్లీమీటర్లు తాగగలదని తేమ మీటరు చెప్పి, అంచు డబ్బాలో 14 ఉంటే, ఆ తేడా ఎటు పోతుందో ఎవరూ చెప్పక్కర్లేదు.

నేల పదునుకు వచ్చేదాకా పేడనీళ్లను పాండ్‌లోనే ఆపి, దాహం మీద ఉన్నప్పుడు కొద్దికొద్దిగా పెట్టమని మాస్సీ యూనివర్సిటీ వాళ్లు 2000ల మొదట్లో ఇలాంటి మోల్ డ్రైన్ల నేలల మీదే ప్రయోగాలు చేసి చెప్పారు. మన రైతుకు ఇందులో కొత్తేముంది, పదును చూడకుండా ఎవరైనా పొలంలో దిగుతారా అనిపిస్తుంది. కానీ పదును కోసం ఆగాలంటే ఆపుకునే చోటుండాలి. ఈనికలు ఆగస్టులో, ఇక్కడి శీతాకాలం చివర, మొదలవుతాయి. అప్పటికి నేల ముద్దముద్దగా, బూటు వేస్తే దిగబడేలా ఉంటుంది. పాలు మొదలైన రోజు నుంచీ పేడనీళ్లు వస్తూనే ఉంటాయి. వారాల తరబడి ఎండ మొహం కనిపించకపోవచ్చు. పాండ్ చిన్నదైతే పదును చూసే తెలివి ఎంతున్నా చేసేదేమీ లేదు.

నేను మొదట పనిచేసిన డెయిరీలో అదే జరిగింది. ఆవులను పెంచుకుంటూ పోయారు, పాండ్ మాత్రం పాతదే. వాన కురుస్తుండగా పాండ్‌లో నీళ్లు కట్ట అంచుకు బెత్తెడు కిందిదాకా వచ్చేశాయి. “నేల ఇంకా పదునుకు రాలేదు” అని మేనేజరు యజమానికి ఫోన్లో చెప్పాడు. పక్కనే ఉన్న నాకు అవతలి మాట కూడా వినిపించింది: “కట్ట తెగితే మాత్రం నువ్వేం చేస్తావ్?” తెగితే మొత్తం వాగులోకే. పంపుతో పచ్చికకు కొడితే కొంత వాగులోకి. మేనేజరు కొట్టాడు. ఫిలిప్పీన్స్ మనిషి, నాకు పని నేర్పినవాడు, ఒక్కరోజు కూడా కాలువ గట్టు చూడకుండా ఇంటికి వెళ్లని మనిషి. కౌన్సిల్ (ఇక్కడి స్థానిక ప్రభుత్వం) నోటీసు అతని పేరు మీదే వచ్చింది.

ఇక్కడి రిసోర్స్ మేనేజ్‌మెంట్ చట్టం 1991 నాటిది. పేడనీళ్లు కాలువలో కలిస్తే, కావాలని చేశావా, చేయలేదా అన్నది అందులో నేరానికి అడ్డం రాదు. చిన్న తప్పుకు చాలా ఏళ్లపాటు 750 డాలర్ల జరిమానా ఉండేది, కోర్టుకెక్కితే లక్షల డాలర్ల దాకా, జైలు దాకా వెళ్లొచ్చు. యజమాని తప్పించుకోలేడు. అయితే మేనేజర్లకూ, కాంట్రాక్టు మీద పాల పని చూసే కాంట్రాక్ట్ మిల్కర్లకూ శిక్షలు పడ్డ కేసులున్నాయి. వర్క్ వీసా మీద ఉన్నవాడికి 750 కంటే పెద్ద భయం ఇంకోటుంది. పర్మనెంట్ రెసిడెన్సీ దరఖాస్తులో కేసుల గురించి అడిగే పేజీ అది.

చట్టం గట్టిగా ఉండటం తప్పని నేననను. 2016 ఆగస్టులో ఉత్తర దీవిలోని హేవ్‌లాక్ నార్త్‌లో పెద్ద వాన తర్వాత గొర్రెల పెంటికల మురుగు తాగునీటి బోర్లలోకి చేరి 5,000 మందికి పైగా జబ్బుపడ్డారు. మా దగ్గరే వైటునా సరస్సుంది, 1976 నుంచే అంతర్జాతీయ గుర్తింపు ఉన్న చిత్తడి నేల. చుట్టుపక్కల డెయిరీల కాలువలు దాంట్లోకే పోతాయి. నా అభ్యంతరం ఒక్కటే: స్విచ్ నొక్కినవాణ్ని వెతికినంత శ్రద్ధగా, నొక్కక తప్పని పరిస్థితి తెచ్చినవాణ్ని కూడా వెతకాలి.

ఇప్పుడున్న చోట పాండ్ పెద్దది. అడుగున ప్లాస్టిక్ పొర పరిచారు, రెండు నెలలు వాన కొట్టినా కంగారుండదు. పాలు లేని శీతాకాలంలో కడిగిన యార్డు మీద పడే వాననీళ్లను పాండ్‌లోకి రానీయకుండా మళ్లించే గేటు కూడా ఉంది. ఈనికలకు ముందు దాన్ని తిరిగి పాండ్ వైపు తిప్పాలి. మరిస్తే మొదటి రోజు పేడంతా తిన్నగా కాలువకే. అందుకని షెడ్డు తలుపు మీద ఎర్ర రంగుతో రాసిపెట్టాం. ఇంకో సంగతి, పేడనీళ్లు పెట్టిన ప్యాడక్‌ల్లో గడ్డికి పొటాష్ ఎక్కువ పడుతుంది. ఈనబోయే ఆవులను అక్కడ మేపితే పాలజ్వరం వచ్చి చతికిలబడతాయి. మ్యాప్ మీద ఆ ప్యాడక్‌లకు వేరే రంగు వేసుకుని, చూలావులను అటు పోనివ్వం.

పోయిన నెల నల్గొండ కుర్రాడొకడు ఫోన్ చేశాడు, ఇక్కడి లింకన్ యూనివర్సిటీలో చదువు అయిపోయిందట. “అన్నా, రెండు డెయిరీల్లో రమ్మంటున్నారు, జీతం దాదాపు ఒకటే, ఇల్లు కూడా ఇస్తారు, ఏది మంచిదంటావ్?” అన్నాడు. ఆవులెన్ని, పాండ్ ఎన్ని రోజులు ఆపుతుంది, ఇరిగేటర్‌కు సెన్సరుందా, వానలో తడి ఆపమనే అధికారం ఎవరిది, ఈ నాలుగూ ఇద్దరినీ అడగమన్నాను. వారం తర్వాత మళ్లీ చేశాడు. ఒకాయన నవ్వి, అవన్నీ నీకెందుకు, పాలు పితకడం వచ్చా అన్నాడట. రెండో ఆయన బూట్లు తొడుక్కోమని చెప్పి పాండ్ కట్ట మీదికి తీసుకెళ్లాడట. సోమవారం అక్కడే చేరుతున్నాడు.