కుమ్మరి చేతిలో విడిపోయిన కుండ

మా జమ్మలమడుగు వైపు ఏ కష్టమొచ్చినా, ఏ తప్పు జరిగినా మొదట నోటికొచ్చే మాట ‘అంతా రాసిపెట్టి ఉంటాది’. గట్టు తగాదాలో తలలు పగిలినా అదే మాట, తాగి ఇల్లు గుల్ల చేసుకున్నా అదే మాట. చర్చికి పోయే మాలాంటి వాళ్లకు దానికి తోడు ఒక వాక్యం కూడా దొరుకుతుంది. బైబిల్లో రోమా పత్రిక, అంటే అపొస్తలుడైన పౌలు రోమా సంఘానికి రాసిన ఉత్తరం, 9వ అధ్యాయంలో, ఒకే ముద్దలోంచి ఒక ఘటాన్ని (కుండను) ఘనతకు, ఇంకొకటి ఘనహీనతకు చేసే అధికారం కుమ్మరికి లేదా అని పౌలు అడుగుతాడు.

బోరు నీళ్ల దగ్గర మా అన్నతో మాటలు ఆగిపోయి ఆరేళ్లయింది. ఆ ఆరేళ్లూ నేను ఈ అధ్యాయం చాటునే ఉన్నాను. కవలలైన యాకోబు, ఏశావు పుట్టకముందే దేవుడు ఒకరిని ఏర్పరచుకున్నాడని అందులోనే ఉంది కదా, మా అన్నదమ్ములకూ ఇంతే ప్రాప్తం అనుకున్నాను. కానీ మోటారు స్టార్టరు పెట్టెకు తాళం వేసింది నేను.

ఈ శ్రమ దినాల్లో, అంటే ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాల్లో, ఎండలు ముదురుతున్నాయని కడవ కొనడానికి కుమ్మరి ఇంటికి పోయినాను. సారె మీద కుండ లేస్తూ ఉంది. ఉన్నట్టుండి ఒక పక్క చీలింది. ఆయన సారె ఆపి, చీలిన చోట వేలు పెట్టి కందిగింజంత రాయి తీసి చూపించాడు. ‘ఇది ఉంటే నిలబడదు సార్’ అన్నాడు. ఆ మట్టిని పారేస్తాడనుకున్నాను. అదే ముద్దను పిసికి, నీళ్లు చల్లి, మళ్లీ సారె మీద పెట్టాడు. ‘కాల్చినాక పగిలితే మాత్రం ఏమీ చేయలేం’ అన్నాడు.

ఇంటికొచ్చి బైబిల్లో యిర్మీయా ప్రవక్త గ్రంథం 18వ అధ్యాయం తెరిచాను. ‘కుండ వాని చేతిలో విడిపోగా’ ఆ మన్నే మళ్లీ తీసుకుని మరో కుండ చేశాడని ఉంది. పౌలుకు ఈ కుమ్మరి పోలిక ప్రవక్తల దగ్గర నుంచే వచ్చింది. ఆ వెంటనే దేవుడంటాడు, ఏ జనమైనా చెడుతనం మానితే నేను తలపెట్టిన కీడు మానుకుంటానని. తర్వాతి అధ్యాయంలో కాల్చిన కూజాను పగలగొట్టమంటాడు. అది ఇక బాగుపడదు. ఈ రెండు అధ్యాయాలూ కలిపి చదవకుండా ఇన్నేళ్లు ఎట్లా ఉన్నానో!

రోమా 9లో ఇంకో మాట ఉంది. ఉగ్రతాపాత్రమైన ఘటాలు, అంటే దేవుని కోపానికి గురయ్యేవి, నాశనానికి ‘సిద్ధపడి’ ఉన్నాయి. కరుణాపాత్ర ఘటాలైతే, అంటే ఆయన కరుణ పొందేవి, దేవుడే ‘ముందుగా సిద్ధపరచిన’వి అంటాడు. ఒకచోట ‘పడి’, ఇంకోచోట ‘పరచిన’. మొదటి వాటిని ఆయన ‘బహు దీర్ఘశాంతముతో’ సహించాడట. రక్షణ ఆయన పని, నాశనానికి తయారైంది మనం అని నాకు అర్థమైంది.

దీని మీద పెద్దవాళ్లే ఏకం కాలేదు. సంఘ సంస్కర్త కాల్విన్ ఒకలాగా, మెథడిస్టులకు మూలమైన వెస్లీ ఇంకోలాగా చెప్పారు. ఆ రెండు బాటల వాళ్లూ 1947లో సీఎస్ఐగా (దక్షిణ ఇండియా సంఘంగా) ఒక్కటై ఒకే బల్ల దగ్గర రొట్టె తీసుకుంటున్నారు. నాకది గొప్ప ఊరట.

యేసును పట్టించిన శిష్యుడు యూదా సంగతి తలచుకుంటే మాత్రం వణుకొస్తుంది. మనుష్యకుమారుడు, అంటే తానే, ‘వ్రాయబడిన ప్రకారము’ పోతున్నాడని ప్రభువే అన్నాడు. తనను అప్పగించేవానికి శ్రమ (అయ్యో) అనీ అదే నోటితో అన్నాడు. రాసిపెట్టి ఉండడం యూదాకు సాకు కాలేదు. నాకు తాళం దగ్గర ఎట్లా అవుతుంది?

యాకోబు తిరిగొచ్చినప్పుడు పరుగెత్తి మెడ మీద పడింది అన్న ఏశావే, ఇద్దరూ ఏడ్చారు. పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక తాళంచెవి జేబులో వేసుకుని అన్న ఇంటికి పోయినాను. వదిన మంచినీళ్లిచ్చింది. అన్న చాలాసేపు బోరు గురించే మాట్లాడాడు. నేను విన్నాను.