న్యూయార్క్‌లో సుప్రీంకోర్టు అంటే కింది కోర్టే

న్యూయార్క్ రాష్ట్ర తీర్పుల గురించి తెలుగులో వచ్చే వార్తల్లో ఒక తికమక తరచూ కనబడుతుంది. సాక్షులను విచారించి మొదటి తీర్పు చెప్పే కోర్టునే అక్కడ సుప్రీంకోర్టు అంటారు. దాని మీద అప్పిలేట్ డివిజన్, అన్నిటికన్నా పైన ఏడుగురు న్యాయమూర్తుల కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ ఉంటాయి. అందువల్ల సుప్రీంకోర్టు వేసిన శిక్షను అప్పీళ్ల కోర్టు రద్దు చేసిందని ఎవరైనా రాస్తే అది అచ్చుతప్పు కాదు.

సినీ నిర్మాత హార్వే వైన్‌స్టీన్ కేసులో జరిగింది అదే. 2020లో జ్యూరీ ఆయనను లైంగిక నేరాల్లో దోషిగా తేల్చగా 23 ఏళ్ల జైలుశిక్ష పడింది. 2022లో అప్పిలేట్ డివిజన్ దానిని ఖరారు చేసింది. 2024 ఏప్రిల్ 25న కోర్ట్ ఆఫ్ అప్పీల్స్ 4–3 మెజారిటీతో రద్దు చేసి, మళ్లీ విచారణ జరపమంది. తమ విషయంలో ఏ అభియోగమూ నమోదు కాని మరో ముగ్గురు మహిళల చేత ప్రాసిక్యూషన్ సాక్ష్యం చెప్పించడం మెజారిటీ ఎత్తిచూపిన ప్రధాన లోపం.

అభియోగంలో లేని పాత పనులను నిందితుడి మీద సాక్ష్యంగా సాధారణంగా వాడకూడదన్న ఈ నియమం వెనుక ఒక విషప్రయోగం కథ ఉంది. 1898లో న్యూయార్క్‌లోని ఒక క్లబ్బు ఉద్యోగికి తలనొప్పి మందు సీసా ఒకటి పోస్టులో వచ్చింది. అందులోని మందు తాగి ఆయన బంధువైన ఒక మహిళ చనిపోయింది. నిందితుడు మోలినో అంతకుముందు మరొకరిని కూడా ఇలాగే చంపాడని ప్రాసిక్యూషన్ చెప్పడం తప్పని 1901లో ఇదే కోర్టు తేల్చింది. రెండో విచారణలో అతను నిర్దోషిగా బయటపడ్డాడు. మనకూ ఇది కొత్త కాదు: నిందితుడి పూర్వపు చెడునడత సాధారణంగా సాక్ష్యానికి పనికిరాదని మన పాత సాక్ష్య చట్టం 54వ సెక్షన్ చెప్పింది.

నాకు మెజారిటీ వాదనే సబబుగా తోస్తుంది. అయినా, పరిచయస్తుల మధ్య జరిగే లైంగిక నేరాల్లో నిందితుడి ఉద్దేశం తెలియాలంటే ఇటువంటి సాక్ష్యం అవసరమన్న జస్టిస్ మాడలిన్ సింగాస్ అసమ్మతిని తేలికగా తీసిపారేయలేము. 2025 జూన్‌లో, కొత్త జ్యూరీ వైన్‌స్టీన్‌ను ఒక అభియోగంలో దోషి అంది, మరొకదానిలో కాదంది, మూడోదానిపై ఒక నిర్ణయానికి రాలేకపోయింది.

సివిల్ వైపు, ట్రంప్‌పై ఆస్తుల విలువ పెంచి చూపిన కేసులో వడ్డీతో కలిపి 50 కోట్ల డాలర్లు దాటిన జరిమానాను అప్పిలేట్ డివిజన్ 2025 ఆగస్టు 21న కొట్టివేసింది. ఐదుగురు న్యాయమూర్తులు మూడు దారులు పట్టారు. ఇద్దరు మోసం నిజమే గాని జరిమానా రాజ్యాంగం ఒప్పనంత అధికమన్నారు, ఒకరు కేసే నిలవదన్నారు. మిగిలిన ఇద్దరు మళ్లీ విచారణ జరగాలని నమ్మినా, వ్యవహారం పై కోర్టుకు చేరాలంటే ఏదో ఒక ఉత్తర్వు వెలువడక తప్పదు కనుక, అందుకోసమే మొదటి ఇద్దరి ఉత్తర్వుకు ఓటు వేశారు.